స్టీరింగ్ ఎర్రగా, డాష్‌బోర్డు గోధుమగా ఉంటే...

ప్రశ్న: మా నాన్నగారి పాత కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. స్టీరింగ్ రిమ్ అసలైన చెక్కే. చేతులు పడే చోట వార్నిష్ పగిలి పొలుసులుగా లేచిపోతోంది. పైగా స్టీరింగ్ ఎరుపు, డాష్‌బోర్డు మీద, తలుపుల మీద ఉన్న చెక్క ముదురు గోధుమ రంగు. రెండూ ఒకేలా కనిపించాలని నా కోరిక. వాల్‌నట్ స్టెయిన్ డబ్బా కొని పూస్తే సరిపోతుందా? చెడగొడతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరిపోదండీ. మీ స్టీరింగ్ బహుశా మహాగనీ అయి ఉంటుంది. ఇటలీకి చెందిన నార్డీ కంపెనీ స్టీరింగుల్లో ఎక్కువగా వాడింది ఆ చెక్కే. డాష్‌బోర్డుల మీద సాధారణంగా వేసేది పల్చటి వాల్‌నట్ వెనీర్ (పైన అతికించే చెక్క పొర), దాని మీద మందపాటి లక్కర్. చెక్కలే వేరు కాబట్టి ఒకే డబ్బాలోని రంగు రెండింటి మీద ఒకేలా రాదు. మహాగనీ మీద గోధుమ రంగు ఎంత పూసినా అడుగునుంచి ఎరుపు కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఎరుపును అణిచేది ఆకుపచ్చ. నీళ్లలో కలిపే గోధుమ రంగు డైలో ఆకుపచ్చ డై ఒక్కో చుక్కే కలుపుతూ, అదే జాతి చెక్కముక్క మీద పూసి చూసుకోండి. ఒక చుక్క ఎక్కువైతే బురద రంగు వస్తుంది.

నేను చేసిన మొదటి స్టీరింగ్ సంగతి చెబుతాను. డై ఆరాక డాష్‌బోర్డు పక్కన పెట్టి చూస్తే అచ్చం కలిసిపోయింది. సంతోషంగా మూడు కోట్లు వార్నిష్ వేశాను. తీరా చూస్తే బాగా ముదిరిపోయింది. మొత్తం గీకి మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది. అందుకే ఆరిన రంగును నేనిక నమ్మను. నీళ్ల డై పూర్తిగా ఆరాక టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఆ తడి ఆరేలోపు కనిపించే రంగే దాదాపుగా వార్నిష్ కింద మీరు చూడబోయేది. అది కూడా ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుగులో, కారులోనే పెట్టి చూడాలి. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి.

డాష్‌బోర్డు కన్నా కొంచెం లేతగా ఉండగానే డై ఆపేయండి. లేత రంగును ముదర్చడం తేలిక, ముదిరినదాన్ని లేత చేయడం నరకం. ఒక కోటు వార్నిష్ పడ్డాక కూడా తేడా ఉంటే, వార్నిష్‌లో కలిసే రంగును కొద్దిగా కలిపి పల్చటి కోటు వేయవచ్చు. చివరి సర్దుబాటు నేను ఎప్పుడూ అక్కడే చేస్తాను.

ఇక పాత వార్నిష్. హీట్ గన్ పెట్టకండి. రిమ్ అంటే లోహపు చట్రం మీద అతికించిన చెక్కముక్కలు. వేడికి జిగురు వదిలేస్తుంది. రిమూవర్ పూసి ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో తీయండి. తర్వాత 180, 240, 320 నంబర్ల ఉప్పుకాగితం, ఎప్పుడూ చెక్క గీత వెంటే. రిమ్ వెనక వేళ్లు కూర్చునే గుంటలు ఉంటాయి చూడండి, పని చెడేది అక్కడే. గుంటల మధ్య గట్లు త్వరగా అరిగిపోతాయి, గుంటల్లో పాత వార్నిష్ మిగిలిపోతుంది. మిగిలిన చోట డై పీల్చుకోదు, తెల్ల మచ్చలు పడతాయి. కాగితాన్ని చిన్న రబ్బరు గొట్టానికి చుట్టి గుంటలో నెమ్మదిగా తిప్పండి. పగుళ్లలో ఎపాక్సీ జిగురు నింపాలంటే ముందే అందులో రంగు కలపండి. గట్టిపడ్డాక అది డై తాగదు.

పై కోటుకి పాలీయురేథేన్ వార్నిష్ వాడండి. లక్క పాలిష్ ఎంత అందంగా ఉన్నా ఇక్కడ వద్దు. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే చాలు, అందులోని ఆల్కహాల్‌కి కరిగిపోతుంది. రిమ్‌ను తీగకు వేలాడదీసి, పల్చగా పూస్తూ, మధ్యమధ్యలో తిప్పుతూ ఉండండి. లేకపోతే అడుగున చుక్కలు కడతాయి. హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే రకమైతే బ్రష్‌తోనే వేయండి. స్ప్రే చేస్తే అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం, మామూలు మాస్కు ఆపదు. కోట్లు గట్టిపడ్డాక 1500, 2000 నంబర్లతో తడి రాపిడి చేసి, డాష్‌బోర్డుకి ఎంత మెరుపు ఉందో అంతే తెప్పించండి. మెరుపులో తేడా ఉంటే రంగు కలిసినా కలవనట్టే కనిపిస్తుంది. పై పొర ఆరిందనిపించినా డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే బిగించండి.

విప్పేటప్పుడు ఒక మాట. షాఫ్ట్ (స్టీరింగ్ బిగించే కడ్డీ) మీద, హబ్ (స్టీరింగ్ మధ్య భాగం) మీద ఒకే వరసలో గుర్తు పెట్టుకోండి. నట్టును రెండు మరలు మిగిలేదాకా మాత్రమే వదులు చేసి, అప్పుడు స్టీరింగ్ లాగండి. పూర్తిగా తీసేసి లాగితే అది ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది.

ప్రశ్న: మాది ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారు. స్టీరింగ్ మీద చెక్క డిజైన్ ఉంది. ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: ముందు అది చెక్కో కాదో చూడండి. చాలా కార్లలో అది ప్లాస్టిక్ మీద అతికిన చెక్క బొమ్మ మాత్రమే. రుద్దితే బొమ్మే పోతుంది, డై పట్టదు. ఎయిర్‌బ్యాగ్‌ను మీరు ముట్టుకోవద్దు, శిక్షణ ఉన్న మెకానిక్ చేతే తీయించండి.