మిరప జీనోమ్‌కు బ్రేకరా, మేకరా అని అడిగినవారికి

జీనోమ్‌లో, అంటే మొక్క డీఎన్ఏ మొత్తంలో, జన్యువులు ఎక్కడున్నాయో వెతికే సాఫ్ట్‌వేర్లు బ్రేకర్, మేకర్. బ్రేకర్ నడిపితే మిరపలో తొంభై వేల జన్యువులు వచ్చాయనీ, మేకర్‌కు మారితే తగ్గుతాయా అనీ అడిగారు. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన తగ్గవు. గుంటూరులో మిరప మీద పనిచేస్తూ నేనూ ఇదే గోతిలో పడ్డాను. నాకైతే లక్ష దాటాయి. 2014లో రెండు బృందాలు విడివిడిగా ప్రచురించిన మిరప జీనోమ్‌లలో ఉన్నవి 35 వేల చొప్పునే.

మిరప జీనోమ్ మూడు వందల కోట్ల డీఎన్ఏ అక్షరాలకు పైమాటే. అందులో ముప్పాతిక వంతుకు పైగా రిపీట్లు, అంటే పదేపదే వచ్చే డీఎన్ఏ ముక్కలు. వాటిలోనూ ప్రోటీన్ సంకేతాలు ఉంటాయి కనుక బ్రేకర్ లోపల జన్యువులను అంచనా వేసే ఆగస్టస్ ప్రోగ్రామ్ వాటినీ జన్యువులని నమ్మేస్తుంది. మన మిర్చి యార్డులో కాటా పెట్టకముందే తాలు కాయలు ఏరేస్తారు కదా, నేను తాలుతో కలిపి తూచాను.

ముందు రిపీట్ మోడలర్‌తో మీ మొక్క రిపీట్ల జాబితా తయారుచేసి, జీనోమ్‌లో వాటిని కప్పేసే రిపీట్ మాస్కర్‌కు ఇవ్వండి. నాకు ఈ ఒక్క మెట్టుకే వారం పట్టింది. మే నెల కదా, మధ్యలో కరెంటు పోయింది, మళ్లీ మొదటికి వచ్చాను. ఆగిన చోటి నుంచి కొనసాగించే సదుపాయం దానికి ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అత్యుత్సాహంతో రిపీట్లన్నిటినీ ఎన్ అక్షరంతో చెరిపేశాను. సంఖ్య దిగింది, దాంతోపాటు తెగుళ్లను తట్టుకునే ఎన్ఎల్ఆర్ జన్యువులూ చాలా మాయమయ్యాయి. మిరపలో ఈ జన్యువులు అంతగా పెరగడానికి రెట్రోట్రాన్స్‌పోజాన్లే (ఆర్ఎన్ఏ ద్వారా నకళ్లు తీసుకుని జీనోమ్‌లో వ్యాపించే రిపీట్లే) ఈ జన్యువుల నకళ్లనూ తీసి పెట్టడం ఒక కారణమని 2017లో తేలింది. పైగా ఒకే కుటుంబంలో వందల జన్యువులుంటే రిపీట్ మోడలర్ వాటినీ రిపీట్ల కింద జమకడుతుంది. కాబట్టి ఆ జాబితాను తెలిసిన ప్రోటీన్లతో పోల్చి, అసలు జన్యువులను బయటికి తీయండి. చెరపకుండా ఇంగ్లిష్ చిన్న అక్షరాలుగా (ACGTని acgtగా) మార్చే సాఫ్ట్ మాస్కింగ్ చాలు, బ్రేకర్ కోరేదీ అదే.

ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బ్రేకర్‌కు ఆధారం చూపేది ఆర్ఎన్ఏ. జన్యువు పనిచేసే భాగంలోనే దాని ఆర్ఎన్ఏ దొరుకుతుంది. మీరు ఆకు నుంచి మాత్రమే తీశారా? మిరప కారం పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. ఆకు ఆర్ఎన్ఏతో నాకు కారానికి కీలకమైన పన్1 జన్యువు తల లేకుండా, అంటే మొదటి భాగం తెగిపోయి, వచ్చింది. కాయలు చీల్చి, ఆ పొర బ్లేడుతో గీకి, దాని ఆర్ఎన్ఏ చేర్చాకే కుదిరింది. (రెండు రోజులు కంటి దగ్గరికి చేయి పోనివ్వలేదు.) ఆర్ఎన్ఏ, ప్రోటీన్ల ఆధారాలు రెండూ ఉంటే బ్రేకర్ మూడో వెర్షన్ బ్రేకర్3 మీదే ఉండండి.

జన్యువుల జాబితా ఎంత పూర్తిగా ఉందో కొలిచే బుస్కో మార్కులు చూసి మురిసిపోకండి. నేల మొక్కలన్నిటిలో దాదాపుగా ఉండే జన్యువులు (దాని ఓడీబీ10 జాబితాలో 1614) ఉన్నాయో లేవో చెబుతుంది, మిగతా వేలల్లో తాలెంతో చెప్పదు. నా లక్ష జాబితాకూ మంచి మార్కులే వేసింది. ప్రోటీన్ ఏ రకానిదో చెప్పే ఇంటర్‌ప్రోస్కాన్ నడిపి, రెట్రోట్రాన్స్‌పోజాన్ల ప్రోటీన్లయిన రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్ అని తేలినవి లెక్కపెట్టండి. మీ తొంభై వేలలో అవెన్నో ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.