గిరి ప్రదక్షిణలో అయిన పుండు మానట్లేదు, గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాయొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. నాన్నకి 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. సింహాచలం గిరి ప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేశారు, అరికాల్లో బొబ్బ పగిలి పుండైంది. ఏడు వారాలైనా మానట్లేదు. డాక్టరు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ ఇచ్చారు, పక్కింటాయనేమో అది రాస్తే క్యాన్సర్ వస్తుందంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: రాయొచ్చండి, కానీ జెల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పని అవ్వదు. ఏటా ఆషాఢ పౌర్ణమి దాటాక మా ఓపీకి ఇలాంటి కాళ్లు వస్తూనే ఉంటాయి, 32 కిలోమీటర్లు వట్టికాళ్లతో నడుస్తారు, షుగర్‌కి అరికాలు మొద్దుబారిపోయి బొబ్బ లేచిన సంగతే తెలీదు పాపం.

తోలు చిట్లగానే ప్లేట్‌లెట్లు అక్కడ గడ్డకట్టి పీడీజీఎఫ్, టీజీఎఫ్ బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల్ని పిలిచి, పెరగమని చెప్పే ప్రోటీన్లు) వదుల్తాయి, ఇమ్యూన్ కణాలకి అదే కబురు. గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దిగుతాయి, రెండు మూడు రోజులకి మాక్రోఫేజ్‌లు అనే చెత్త మింగే కణాలు. ఈ మాక్రోఫేజ్‌ల తమాషా ఏంటంటే మొదట్లో బ్యాక్టీరియాని, చచ్చిన కణాల్ని మింగుతూ వాపు, మంట పెంచుతాయి, ఆ చెత్త అయ్యాక టీజీఎఫ్ బీటా లాంటి సిగ్నల్స్ ఇక చాల్లే అని సర్దితే అవే రిపేరు పనిలోకి దిగి కొత్త రక్తనాళాల కోసం వీఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ వదుల్తాయి. షుగర్ ఎక్కువున్నోళ్లలో అవి ఆ మొదటి కోపంలోనే ఉండిపోతాయి, పైగా అక్కడ పోగైన ఎంజైములు గ్రోత్ ఫ్యాక్టర్లనే తినేస్తాయి.

అందుకే పుండు అడుగున పసుపుపచ్చ పొర, చుట్టూ ఆనెకాయలా గట్టిపడ్డ తెల్ల తోలు ఉంటే ముందు సర్జన్ దాన్ని చెక్కి తీసెయ్యాలి, లేదంటే అంత ఖరీదు మందూ చీముపాలే. కాలికి రక్తం సరిగా వెళ్తుందో లేదో డాప్లర్ స్కాన్ తీయించండి, షుగర్ దించండి, ఆ పాదం మీద బరువు పెట్టనివ్వొద్దు (బాత్రూమ్ దాకానేగా అని నడిచేస్తారు, అదీ నడకే).

పక్కింటాయన మాట పూర్తిగా గాలివార్త కాదు. ఈ గ్రోత్ ఫ్యాక్టర్ జెల్స్‌లో ఒకటైన పీడీజీఎఫ్ జెల్ మీద అమెరికాలో 2008లో క్యాన్సర్ హెచ్చరిక పెట్టారు, తర్వాత డేటా చూసి 2018లో తీసేశారు. పుండు ఉన్నచోటే క్యాన్సర్ ఉంటే మాత్రం వాడకూడదు. ఆయనకి ఇదివరకు ఎక్కడైనా క్యాన్సర్ వచ్చుంటే మీ డాక్టరుకి ముందే చెప్పండి.

జ్వరం, వాసన, వేలు నల్లబడ్డం, ఎరుపు పైకి పాకడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ట్యూబ్ ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్లో కాదు.