ఓటీపీ ఇచ్చారో, కేసు పోయినట్టే

ప్రశ్న: నాకు చూపు లేదు. మా అపార్ట్‌మెంట్ సంఘం నోటీసులన్నీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలుగా పెడుతుంది. నా ఫోన్ ‘ఫొటో’ అని తప్ప ఇంకేమీ చదవదు. ఓటింగ్ యాప్‌లోనూ ‘బటన్, బటన్’ అంటుందే గానీ ఏది అవునో ఏది కాదో చెప్పదు. గత జూన్‌లో మెయింటెనెన్స్ పెంచారని నాకు తెలిసేసరికే 2,000 లేట్ ఫీజు పడింది. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అవమానంతో గ్రూపులోంచి బయటికొచ్చేశాను. పక్క ఫ్లాట్ అబ్బాయి ఓటీపీ ఇస్తే నా ఓటు తనే వేస్తానంటున్నాడు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేయవచ్చు. కానీ ‘ఎన్నిసార్లు చెప్పినా’ అన్నారే, మీ కేసు నిలిచేదీ కూలేదీ అక్కడే. సెక్రటరీకి లిఫ్టులో చెప్పారా, గేటు దగ్గర చెప్పారా? రాతపూర్వకంగా అడిగినట్టు ఒక్క కాగితమైనా ఉందా?

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం సహేతుకమైన వెసులుబాటు నిరాకరించడమూ వివక్షే. ప్రైవేటు సంస్థ అనే మాటకు సెక్షన్ 2(వి) ఇచ్చిన నిర్వచనంలో సొసైటీలు, అసోసియేషన్లూ ఉన్నాయి. మోయలేని భారమైతేనే వాళ్లకు మినహాయింపు. ఫొటోకు బదులు నాలుగు లైన్లు టైపు చేయడం భారమని ఏ దివ్యాంగుల కమిషనర్ ముందు చెబుతారు? కానీ మీరు అడిగారని, వాళ్లు కాదన్నారని రుజువు కావాలి. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అది కేవైసీ గురించిన తీర్పు. మీ వాదనకు బలమే గానీ, రుజువు లేని లోటు తీర్చదు.

కోపంతో గ్రూపు వదిలేయడం తెలివితక్కువ పని. ‘ఆయనే వెళ్లిపోయాడు’ అని రేపు వాళ్లే అంటారు. పాత చాట్ ఇంకా మీ ఫోన్‌లోనే ఉంటుంది, డిలీట్ కొట్టకండి, ఫోన్ మార్చకండి. కోర్టుకు ప్రింటవుట్లు ఇస్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద, అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. యాప్ వాడుతుంటే టాక్‌బ్యాక్ (తెరపై ఉన్నది చదివి వినిపించే ఫోన్ సదుపాయం) ఏం పలుకుతోందో ఇంకో ఫోన్‌తో వీడియో తీయించండి.

ఓటీపీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ అబ్బాయి నొక్కిన మరుక్షణం ‘ఈ సభ్యుడు ఓటేశారు’ అని యాప్‌లో రికార్డవుతుంది. వాడలేకపోతున్నానని ఆ తర్వాత మీరు చెబితే ఎవరు నమ్ముతారు?

ఈ వారమే సంఘానికి రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. నోటీసులు టెక్స్ట్‌లో కావాలని, ఓటుకు వేరే దారి చూపాలని అడిగి, 15 రోజుల గడువివ్వండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కాపీ జతచేయండి. కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఆయనకున్నాయి. మెయింటెనెన్స్ పెంచిన తీర్మానం చెల్లదని ప్రకటించమని దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 కింద మూడేళ్లే గడువు. జూన్ నుంచి లెక్క నడుస్తోంది.

లేట్ ఫీజు ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కట్టేయండి. బకాయి ఉందని మీ ఓటే తీసేసే సాకు వాళ్లకు దొరకనివ్వకండి.