గాలి బలంగా ఉన్న ఏడాది కూడా విశాఖ తీరంలో నీరు ఎందుకు చల్లబడలేదు?

గాలి పైనీటిని తీరం నుంచి తోసేస్తే అడుగు చల్లనీరు పైకి లేస్తుంది; దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. నెలవారీ సగటు గాలితో మీరు కట్టిన అప్‌వెల్లింగ్ సూచిక కొన్నేళ్లు ఉపగ్రహ ఉష్ణోగ్రతతో కలవట్లేదన్నారు. మొదటి తప్పు ఆ సగటులోనే ఉంది. విండ్ స్ట్రెస్, అంటే గాలి నీటి ఉపరితలాన్ని లాగే బలం, గాలి వేగం వర్గాన్ని (వేగం × వేగం) బట్టి పెరుగుతుంది. అందుకే 6 గంటలకోసారి నమోదైన గాలి విలువలతో ముందు స్ట్రెస్ లెక్కించి, సగటు తర్వాత తీయండి. తీరానికి సమాంతరంగా ఉన్న భాగాన్నే వాడండి. ఇక్కడ తీరం దాదాపు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది.

సరిచూసుకోడానికో అంకె: సెకనుకు 8 మీటర్ల నైరుతి గాలికి స్ట్రెస్ చదరపు మీటరుకు సుమారు 0.1 న్యూటన్. విశాఖ అక్షాంశంలో అది ప్రతి 100 మీటర్ల తీరం నుంచి సెకనుకు దాదాపు 220 ఘనపు మీటర్ల పైనీటిని సముద్రం లోపలికి నెడుతుంది. మీ లెక్క మరీ తేడాగా వస్తే, అక్షాంశాన్ని రేడియన్లలోకి మార్చారో లేదో చూడండి. చాలామంది అక్కడే బోర్లాపడతారు.

అయినా కలవకపోతే తప్పు సూచికది కాదు. వరదల తర్వాత నదుల మంచినీరు ఉప్పునీటి మీద పల్చటి మూతలా పరుచుకుంటుంది; అడుగు నీరు లేచినా పైన చల్లదనం కనబడదు. పైగా భూమధ్యరేఖ దగ్గరి గాలులు పుట్టించే కెల్విన్ తరంగాలు (తీరం వెంటే సాగే పొడవాటి సముద్ర తరంగాలు) బంగాళాఖాతం అంచు వెంట చుట్టివచ్చి, స్థానిక గాలితో పనిలేకుండానే థర్మోక్లైన్‌ను, అంటే పైనున్న వెచ్చని నీటికీ అడుగు చల్లనీటికీ మధ్య పొరను, ఎత్తుతాయి, దించుతాయి. 1997, 2019 లాంటి పాజిటివ్ డైపోల్ ఏడాదుల్ని (హిందూ మహాసముద్రం పడమర వైపు మామూలు కంటే వెచ్చగా, తూర్పు వైపు చల్లగా ఉన్నవి) అందుకే విడిగా చూడాలి.

కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కదాన్నే నమ్మకుండా విశాఖ టైడ్ గేజ్ (సముద్ర మట్టాన్ని కొలిచే పరికరం) చూపే మట్టాన్ని జోడించండి; అడుగు చల్లనీరు లేస్తే తీరంలో మట్టం తగ్గుతుంది. అయితే వాయుపీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గితే మట్టం 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఆ సవరణ మర్చిపోతే వాయుగుండం వచ్చిన వారమంతా లెక్క తారుమారే.