మా అమ్మ ఓటు ఎవరో వేసేశారు, ఇప్పుడేం చేయొచ్చు?

ప్రశ్న: మాది గాజువాక. 2024 మే 13న అమ్మ, నేను, తమ్ముడు ఓటు వేయడానికి వెళ్లాం. ఎండలో చాలాసేపు నిలబడి లోపలికి వెళ్తే, జాబితా చూసే ఆయన “మీ ఓటు పడిపోయిందమ్మా” అన్నారు. అమ్మ వేలికి సిరా చుక్కే లేదు. చూపించినా వినలేదు, వెనక లైన్లో వాళ్లు గొడవ చేస్తుంటే బయటికి వచ్చేశాం. అమ్మకి 70 ఏళ్లు, ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడుతుంది. మా పక్కింటాయన పేరైతే జాబితాలోనే లేదు. ఇప్పుడు కేసు వేయొచ్చా? పేరు లేకపోతే 49ఏ కింద ఛాలెంజ్ ఓటు అడగొచ్చని, 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ పెడతారని వాట్సాప్‌లో చదివాను, నిజమేనా? మా తమ్ముడికి ఈవీఎంల మీదే నమ్మకం పోయింది, ఇంక ఓటుకి రానంటున్నాడు.

జవాబు: ముందు మీ అమ్మగారి సంగతి. ఆవిడ ఆ రోజు ఓటు వేయకుండా తిరిగి రావాల్సిన పని లేదండీ. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49పి అనేది ఇలాంటి వాళ్ల కోసమే ఉంది. మన పేరు మీద ఇంకెవరో ఓటేసి వెళ్లిపోయాక అసలు మనిషి వస్తే, బూత్‌కి బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసర్ నాలుగు ప్రశ్నలు అడుగుతారు, కార్డు చూస్తారు, ఓటరు ఈవిడే అని నమ్మకం కుదిరితే ఈవీఎం దగ్గరికి పంపకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు. దాన్నే టెండర్ ఓటు అంటారు. 17బి ఫారంలో మన సంతకం తీసుకుంటారు, మనం బ్యాలెట్ మీద ముద్ర వేసి మడిచి ఇస్తే విడిగా ఒక కవర్లో పెడతారు. ఆ రోజు ఎంపీకీ ఎమ్మెల్యేకీ కలిపి పోలింగ్ జరిగింది కాబట్టి రెండు బ్యాలెట్లు ఇవ్వాలి. ఇది ఆయన దయ మీద ఆధారపడిన విషయం కాదు, నియమంలో ‘ఇవ్వాలి’ అనే ఉంది.

మీతో ఆ మాట అన్నది బహుశా మొదటి టేబుల్ దగ్గర జాబితా చూసే పోలింగ్ ఆఫీసర్ అయి ఉంటారు. ఆయన పని పేరు వెతకడం, మనిషిని గుర్తించడం. ఓటు ఉందో లేదో తేల్చే అధికారం అదే గదిలో ఉన్న ప్రిసైడింగ్ ఆఫీసర్‌ది. “సార్, మా అమ్మ ఓటు ఎవరో వేశారు, 49పి కింద టెండర్ ఓటు ఇప్పించండి” అని ఆయన్నే అడగాలి. వెనకవాళ్లు విసుక్కుంటే పక్కకు జరిగి నిలబడండి గానీ గది దాటి రావద్దు. ఒకసారి బయటికి వచ్చేస్తే ఆవిడ వచ్చినట్టు గానీ, అభ్యంతరం చెప్పినట్టు గానీ ఎక్కడా ఒక్క అక్షరం ఉండదు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, అన్యాయం నిజంగా జరిగి ఉంటుంది, కానీ దానికి కాగితం ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతిసారీ అది దొంగ ఓటే అయి ఉండాలని లేదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు మన జాబితాల్లో ఎంతమందో, పై వరుసలో పెట్టాల్సిన గీత కింది వరుసలో పెట్టేస్తే అసలు మనిషి వచ్చేసరికి ఓటు పడిపోయినట్టే కనిపిస్తుంది. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకి, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు, అలా ఒప్పుకున్నవాళ్లకి బూత్‌లో ఓటు ఉండదు. మీ అమ్మగారి వయసు 70 కాబట్టి ఆ సంగతి ఇక్కడ వర్తించదు. పొరపాటైనా మోసమైనా ఆవిడకి మాత్రం టెండర్ ఓటు ఇవ్వాల్సిందే.

ఇప్పుడు కేసు. ఎన్నిక చెల్లదనాలంటే రాజ్యాంగం 329వ అధికరణ ప్రకారం ఒకటే దారి, ఎన్నికల పిటిషన్. దాన్ని హైకోర్టులో వేయాలి, అభ్యర్థే కానక్కర్లేదు, ఆ నియోజకవర్గం ఓటరు కూడా వేయొచ్చు. కానీ గెలిచినట్టు ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల లోపే వేయాలి. జూన్ 4న ఫలితాలు వచ్చాయి కాబట్టి 2024 జూలై 19తో ఆ గడువు అయిపోయింది, ఆలస్యాన్ని మన్నించే అధికారం ఇక్కడ కోర్టుకి కూడా లేదు. గడువు ఉన్నా మీ కేసు నిలబడేది కాదు. ఓటు తప్పుగా పడిందని చూపిస్తే చాలదు, దానివల్ల ఫలితమే మారిందని నిరూపించాలి. గాజువాకలో అప్పటి మెజారిటీ 95 వేలకు పైనే, విశాఖ ఎంపీ సీటులో 5 లక్షలు దాటింది.

అలాగని ఒక్క ఓటుకి విలువ లేదనుకోవద్దు. 1989లో మన పక్కనున్న అనకాపల్లి లోక్‌సభ సీటు 9 ఓట్ల తేడాతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో తేడా 25 ఓట్లు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి గారు ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఆ కేసులో టెండర్ ఓట్ల పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2011లో తీర్పు వచ్చింది. టెండర్ ఓటుని లెక్కింపు రోజున తెరవరు, లెక్కలో కలపరు, ఈ మాట మీకు ముందే చెప్పకపోతే నేను మోసం చేసినట్టే. పిటిషన్ పడి, తేడా చాలా తక్కువగా ఉండి, కోర్టు చెబితేనే ఆ కవర్ తెరుస్తారు. అయినా వేయమనే చెబుతాను. దొంగ ఓటు పడిందనడానికి ఎన్నికల సంఘం చేతుల్లోనే ఉండే సాక్ష్యం ఆ కవరూ ఆ 17బి సంతకమూనే.

క్రిమినల్ కేసు సంగతి వేరు. ఇంకొకరి పేరుతో ఓటు వేయడం అప్పటి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 171డి, 171ఎఫ్ కింద నేరం, ఏడాది వరకు జైలు. ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహితలో 172, 174 సెక్షన్లు, కాకపోతే ఆ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి మే నెలలో జరిగిన దానికి పాత ఐపీసీనే వర్తిస్తుంది. ఏడాది శిక్ష ఉన్న నేరాలకు కోర్టు విచారణకు తీసుకునే గడువు కూడా ఏడాదే. చేసింది ఎవరో తెలియనప్పుడు తెలిసిన రోజు నుంచి గడువు మొదలవుతుందనే వెసులుబాటు చట్టంలో ఉంది. అయితే ఎవరో తెలియాలంటే ఓటేసేవాళ్ల సంతకాలు తీసుకునే 17ఏ రిజిస్టర్‌లో ఆ నంబర్ ఎదురుగా ఎవరు సంతకం చేశారో చూడాలి, సీలు వేసిన ఆ రిజిస్టర్ని కోర్టు ఉత్తర్వు లేకుండా తెరవరు. సీసీ కెమెరా దృశ్యాలూ అంతే, పిటిషన్ పడకపోతే ఫలితాల తర్వాత 45 రోజులు ఉంచితే చాలని 2025 మేలో ఎన్నికల సంఘం చెప్పింది. పైగా 2024 డిసెంబర్‌లో ఆ 1961 నియమాల్లోనే 93వది మార్చి, జనం అడిగి చూడగలిగే వాటిని నియమాల్లో పేర్కొన్న కాగితాల వరకే కుదించారు. ఇది నాకు నచ్చని మార్పు. పారదర్శకత పెరగాల్సిన చోట తలుపు దగ్గరికి వేయడం ఓటరు నమ్మకాన్ని ఇంకా తగ్గిస్తుంది.

మీ మాట వినిపించుకోని ఉద్యోగి మీద ఏమైనా చేయొచ్చా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 134 సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా డ్యూటీలో తప్పు చేస్తే జరిమానా 500 రూపాయల వరకు. నష్టపరిహారం కోసం దావా వేయడానికి అదే సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి డబ్బు కోసమో పగతోనో లాయర్ చుట్టూ తిరగకండి, 2024 సంగతి కోర్టులో పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

వాట్సాప్ మెసేజ్ పూర్తిగా తప్పు. 2019లోనూ, 2024లోనూ అదే తిరిగింది, ఎన్నికల సంఘం ఖండించింది. 14 శాతం లెక్క ఏ చట్టంలోనూ లేదు. రీపోలింగ్ పెట్టాలా వద్దా అన్నది అదే 1951 చట్టం 58 సెక్షన్ కింద, నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ ఆఫీసర్ నివేదిక చూసి ఎన్నికల సంఘం తేలుస్తుంది. ఈవీఎం ధ్వంసమవడం, పోలింగ్ తీరులో పెద్ద తప్పు జరగడం లాంటివి ఉండాలి. ఛాలెంజ్ ఓటు కూడా మనం అడిగి తెచ్చుకునేది కాదు, 49జె నియమం కింద, అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే పోలింగ్ ఏజెంట్ 2 రూపాయలు కట్టి “ఈయన అసలు ఓటరు కాదు” అని అభ్యంతరం పెట్టడమే ఛాలెంజ్. జాబితాలో పేరు లేకపోతే ఆధార్ చూపించినా, ఓటరు కార్డు చూపించినా ఆ రోజు ఓటు లేదు. ఆ మెసేజ్ నమ్మి పోలింగ్ రోజున వాదించే వాళ్లని చూస్తే జాలేస్తుంది, అదే మనిషి రెండు నెలల ముందు జాబితా చూసుకుంటే సరిపోయేది.

పక్కింటాయనకి చెప్పండి, పేరు చేర్చడానికి ఫారం 6, ఇల్లు మారితే, తప్పులుంటే ఫారం 8, ఎవరి పేరైనా తీసేయమని అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. నామినేషన్ల చివరి రోజు దాటాక చేర్చరు, దరఖాస్తు పరిశీలనకు టైం పడుతుంది కాబట్టి ఇంకా ముందే పెట్టుకోవాలి. వేరే వాళ్లు ఫారం 7 పెట్టారని పేరు తీసేయాలంటే ఓటరుకి నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇవ్వకపోతే 15 రోజుల్లో కలెక్టర్‌కి, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఫారం 7లు లక్షల్లో పడి పోలీసు కేసుల దాకా వెళ్లిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31 సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు రెండుచోట్లా ఓటు ఉంచుకుంటారు, అది కూడా తప్పే, ఆ రెండో ఓటే ఏదో ఒక రోజు ఇంకొకరి చేతిలో పడుతుంది.

ఇక మీ తమ్ముడు. అతని అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకోను, అడిగే హక్కు అతనికుంది. కానీ ఏ దశలో ఏం చూడొచ్చో తెలుసుకుని అడగాలి. పోలింగ్‌కి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్, చేస్తారు. బటన్ నొక్కాక, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే వీవీప్యాట్ యంత్రం అద్దంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. వేరే గుర్తు కనిపిస్తే 49ఎంఏ నియమం కింద అక్కడే రాసిచ్చి, సరిచూడటానికి వేసే టెస్ట్ ఓటు అడగొచ్చు, అయితే అందులో తేడా రాకపోతే అబద్ధం చెప్పినందుకు ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు. ఈ బెదిరింపు వల్ల నిజంగా తేడా చూసినవాళ్లు కూడా నోరు విప్పరని నా భయం, ఆ నియమాన్ని సడలించాలి. లెక్కింపులో ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కి 5 వీవీప్యాట్‌ల చీటీలు సరిచూడాలని 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది, చంద్రబాబు నాయుడు గారు తదితరులు వేసిన కేసు అది. చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది గానీ, రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఏడు రోజుల్లో ఖర్చు కట్టి అడిగితే 5 శాతం ఈవీఎంల మెమరీ తనిఖీ చేయాలంది. ఆ ఏడాది మన విజయనగరం నుంచి కూడా అలా దరఖాస్తు వెళ్లింది.

అన్నిటికన్నా పనికొచ్చేది 17సి ఫారం. పోలింగ్ ముగిశాక ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో ప్రిసైడింగ్ ఆఫీసర్ అందులో రాసి ఏజెంట్లకి కాపీ ఇవ్వాలి. లెక్కింపు రోజు ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో వచ్చిన మొత్తం దాంతో సరిపోవాలి. మీ తమ్ముడు ఇంట్లో కూర్చోకుండా తనకు నచ్చిన అభ్యర్థి తరఫున, అది ఇండిపెండెంట్ అయినా సరే, పోలింగ్ ఏజెంట్‌గా కూర్చుంటే మాక్ పోల్ కళ్లారా చూస్తాడు, దొంగ ఓటరు వస్తే 2 రూపాయలు కట్టి ఆపుతాడు, 17సి చేతికి తెచ్చుకుంటాడు.

విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఎన్నికలు వచ్చినప్పుడు ఇదంతా అలాగే వర్తించదు. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, నియమాలు వేరు, 2021 మార్చిలో కాగితం బ్యాలెట్లతోనే జరిగాయి. కానీ ఆ జాబితాకి ఆధారం అసెంబ్లీ ఓటర్ల జాబితానే. అందుకని మీరు ఈ వారమే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబర్ 1950కి ఫోన్ చేసో, ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లోనో అమ్మగారి పేరు, సీరియల్ నంబర్ చూడండి, అమ్మగారి వివరాలతోనే ఇంకో ఎంట్రీ ఉందేమో కూడా చూడండి. ఉంటే ఫారం 7 పెట్టి, రసీదు నంబర్ దాచుకోండి. 2024లో జరిగింది ఒక పేజీలో రాసి కాపీ ఉంచుకుని ఓటర్ల జాబితా చూసే అధికారికి (ఈఆర్వో) ఇచ్చి, మళ్లీ పోలింగ్‌కి వెళ్లేటప్పుడు ఆ కాపీ అమ్మగారి కార్డుతో పాటే తీసుకెళ్లండి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌తో మాట్లాడాల్సి వస్తే మీరు పక్కన ఉంటే ఆవిడకి టెన్షన్ ఉండదు.