నర్సరీ చెరువులో నీటికాకులు: పిల్ల తగ్గడానికి అవే కారణమా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. అరెకరం నర్సరీ చెరువులో (చిన్న పిల్లను పెంచే చెరువు) శీలావతి చేప స్పాన్ (గుడ్డులోంచి వచ్చిన కొద్ది రోజుల పిల్ల) వదిలాను. మూడో వారంలో వల లాగితే మూడో వంతు పిల్ల కూడా లేదు. నల్లటి నీటికాకులు గుంపుగా దిగి మునుగుతున్నాయి. పక్క బోదెలో జమ్ము మధ్య బుడబుంగ గూడు కట్టి గుడ్లు పెట్టింది. చచ్చిన చేపల్లో గుళికల పురుగుమందు కూరి గట్టు మీద పడేయమంటున్నారు. వేయొచ్చా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: గుళికల మందు జోలికి మాత్రం పోకండి. ఆ చేపను ముందు తినేది గట్టు మీద తిరిగే కుక్కలు, కాకులు, గద్దలు. నీటికాకి తన చేపను నీళ్లలోనే వెంటాడి పట్టుకుంటుంది. గట్టు మీది ఎర కోసం రాదు. వాన పడితే ఆ మందు మీ చెరువులోకే దిగుతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షుల్ని చంపడం, గూళ్లు పాడుచేయడం నేరం.

ఇక పిల్ల సంగతి. వదిలేనాటికి స్పాన్ అర సెంటీమీటరుకు కాస్త పైన ఉంటుంది. అంత చిన్నదాని కోసం నీటికాకి మునగదు. మన కొల్లేరు చుట్టుపక్కల ఎక్కువగా కనిపించే చిన్న నీటికాకి సాధారణంగా పట్టేది రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల చేపల్ని. మీ పిల్ల ఆ సైజుకు వచ్చేది రెండు వారాలు దాటాకే. కాబట్టి మొదటి పదిహేను రోజుల్లో పోయిన పిల్లను ఈ పక్షుల ఖాతాలో రాయలేం. బాగా చూసుకున్న మట్టి చెరువులో కూడా స్పాన్ నుంచి ఫ్రై (కాస్త ఎదిగిన పిల్ల) దశకు వచ్చేసరికి నూటికి ముప్పై నుంచి యాభై మిగులుతాయి. మీ నష్టంలో చాలావరకు మామూలుగా పోయేదే. మిగతా దానికి నా అనుమానమంతా నీటి పురుగుల మీద. వెల్లకిలా ఈదే పురుగులు, తూనీగ పిల్లలు స్పాన్‌ను పట్టి తినేస్తాయి. వచ్చే విడత స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందు, గాలి లేని వేళ, ఎకరానికి సుమారు 22 కిలోల వంటనూనె, 7 కిలోల సబ్బు కలిపిన ద్రావణం నీటిమీద చల్లండి. మీ అరెకరానికి అందులో సగం చాలు. పైకొచ్చి గాలి పీల్చే పురుగులు ఆ నూనె పొర కింద ఊపిరాడక చస్తాయి.

అలాగని నీటికాకి అమాయకురాలేం కాదు. మూడో వారం నుంచి పిల్ల వేలెడు పొడవు దాటేవరకు దానికి పండగే. ఈ పక్షి ఒళ్లంతా ఈతకే తయారైంది. కాలి నాలుగు వేళ్లనూ కలుపుతూ చర్మం ఉంటుంది. ముక్కు కొన కొక్కెంలా వంగి ఉంటుంది. పెద్దయ్యాక ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి నోటితోనే ఊపిరి తీస్తుంది. ఈకలు కొంత నీటిని పీల్చుకుంటాయి. తేలిపోకుండా మునగడానికి అది సాయం చేస్తుంది గానీ, ఆ తర్వాత ఎక్కడో కూర్చుని రెక్కలు చాచి ఆరబెట్టుకోక తప్పదు. లేచేటప్పుడు కూడా నీటిమీద కొంత దూరం కాళ్లతో తన్నుకుంటూ పరుగెత్తాలి.

మనం పట్టుకోవాల్సింది ఈ రెండు ఇబ్బందుల్నే. చెరువులో వాడని కర్రలు, పాత బాదులు, వాలిన కొమ్మలు తీసేయండి. అవే దాని ఆరబెట్టుకునే అరుగులు. అరెకరమే కాబట్టి చుట్టూ సరుగుడు బాదులు పాతి చెరువు మొత్తం మీద వల కప్పండి. రెండు మూడు అంగుళాల కన్నున్న మందపాటి రంగు దారం వల అయితే మంచిది. బిగుతుగా కట్టాలి. కంటికి ఆనని సన్న ప్లాస్టిక్ దారం వద్దు, దాంట్లో పక్షులు చిక్కుకుని చస్తాయి, వాటిని తీసే పనీ మీదే. పెద్ద చెరువులకు వల గిట్టుబాటు కాదు. అక్కడ నీటికి కాస్త పైన అడ్డంగా తాళ్లు లాగి మెరుపు రిబ్బన్లు కడితే దిగడానికి, లేవడానికి చోటు తగ్గుతుంది. టపాకాయల మాట అడుగుతారని చెబుతున్నా: నాలుగు రోజులు బెదురుతాయి, ఆపైన లెక్కచేయవు. మనిషి కాపలా ఉంటే, అదీ పొద్దున్నే, మేలు.

పెంపకం చెరువులో వంద గ్రాములు దాటిన పిల్లనే వదిలితే చిన్న నీటికాకితో పెద్ద టెన్షన్ ఉండదు, అంత చేప దాని గొంతు దిగదు. పెద్ద నీటికాకి వేరే రకం, మూడడుగుల దాకా ఉంటుంది, అది వస్తే కాస్త జాగ్రత్త పడాలి. మింగలేక వదిలేసిన చేపల ఒంటి మీద ముక్కు గాట్లు కనిపిస్తాయి. అవి పుండ్లవుతాయేమో గమనించండి.

బుడబుంగను నీటికాకితో కలపకండి. జానెడు పక్షి. నీటి పురుగులు, వాటి పిల్లలు, తోకకప్పలు, చిన్న చేపలు తింటుంది. అంటే మీ పిల్లనూ కొంత తింటుంది, పిల్లను తినే పురుగులనూ తింటుంది. గూడు నీటిమీద తేలే నాచు కుప్ప. లేచి వెళ్లేటప్పుడు గుడ్లమీద తడి ఆకులు కప్పి పోతుంది కాబట్టి తెల్లటి గుడ్లు మరకలు పడి గోధుమరంగుకు తిరుగుతాయి. చూసి పాడైపోయాయని పారేయకండి. మూడు వారాల్లో పొదుగుతాయి, పిల్లలు వెంటనే తల్లిదండ్రుల వీపెక్కి తిరుగుతాయి. గూడు ఖాళీ అయ్యాక బోదెలో జమ్ము కోయించండి. స్పాన్ వదలకముందే నర్సరీలో తూడు, నాచు లేకుండా చేస్తే అక్కడ గూడు కట్టదు.

ఇంకొకటి, పిల్లను పట్టే రోజు నీళ్లు తీసి సగంలో ఆపి మర్నాటికి వాయిదా వేయకండి. లోతు తగ్గిన చెరువులో పిల్ల ఒకచోట పోగవుతుంది, తెల్లారేసరికి చుట్టుపక్కల నీటికాకులన్నీ అక్కడే ఉంటాయి.