చిట్టీ, నీ మేడగది గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిట్టీ,

నువ్వు పంపిన బొమ్మ చూశాను. డాబా మీద గది, దాన్నానుకుని స్నానాల గది, ముందు నాలుగడుగుల బాల్కనీ, బయటినుంచి మెట్లు. కంప్యూటర్లో రంగులు వేసి, బాల్కనీలో పూలకుండీలు కూడా పెట్టావు. "ప్లాను నేనే గీశాను పెద్దమ్మా, చూసినవాళ్లందరూ బాగుందన్నారు" అన్నావు ఫోనులో. నువ్వు గీశావంటే గర్వంగానే ఉంది, ఆ బొమ్మ పక్కింటావిడకు కూడా చూపించాను. కానీ అందరూ బాగుందన్నారన్న మాట విన్నాక మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కట్టవద్దని నేను అనను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మీ బెజవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు మీరు నలుగురూ ఆ డాబా మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నారు. నీ ఫోను మూగబోయింది. నేనిక్కడ టీవీ ముందు కూర్చుని, పడవల్లో కనిపించే ప్రతి ముఖంలోనూ మీ ముఖాలు వెతుక్కున్నాను. ఆ పై గది మీకు ఎందుకు కావాలో నాకు వేరే చెప్పనక్కరలేదు.

మున్సిపాలిటీ అనుమతి తీసుకో. పాత ఇంటి పునాది, పిల్లర్లు మరో అంతస్తు మోస్తాయో లేదో ఇంజినీరుతో చూపించు, ఒక పిల్లరు పక్కన గొయ్యి తీయించి మరీ చూడమను. అతనికి ఫీజు ఇవ్వు. ఊరికే అడిగితే ఊరికే చెబుతాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు మా మేడ మీద తూర్పు గోడకు ఉన్న తలుపు చూసి, "పెద్దమ్మా, ఇది ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగావు. అవతల ఇనుప కమ్మీలు, వాటి అవతల ఆకాశం. "గాలి కోసం పెట్టించాం" అన్నాను. మా పెద్దమ్మ వాళ్లింట్లో గాలి తలుపు ఉందని నువ్వు బడిలో కూడా చెప్పుకున్నావట. నేను నీకు చెప్పింది అబద్ధం. అక్కడ ఒక బాల్కనీ ఉండాలి. ఉండేది కూడా, పద్దెనిమిది రోజులు.

1987లో ఈ ఇల్లు మొదలుపెట్టాం. అప్పటికి లెక్కల టీచరుగా పదేళ్లు చేశాను, కొలతలంటే నా తర్వాతే ఎవరైనా అన్న ధీమా ఉండేది. ఇంజినీరుకు డబ్బు దండగ అని, గడికి అడుగు లెక్కన గ్రాఫు కాగితం మీద ప్లాను నేనే గీశాను. ఆ కాగితాన్ని బడిలో, వీధిలో, చుట్టాల ఇళ్లలో తిప్పాను. "నేనే గీశాను, ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. నేనే గీశానని ముందే చెప్పాక ఎవరు మాత్రం ఏమంటారు? కాఫీ తాగి బాగుందనేవారు. పదిహేనుమంది బాగుందంటే, పదిహేనుసార్లు సరిచూసిన లెక్క అనుకున్నాను. అందులో ఒక్కరైనా కాగితాన్ని తిప్పి చూడలేదు. చూడమని నేనూ అడగలేదు.

మా వెనక సందులో ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో సెంట్రింగు పని, అంటే శ్లాబు పోయడానికి కింద అచ్చు కట్టే పని చేసినవాడు. రోజూ గేటు దగ్గర నిలబడి పని చూసేవాడు, నాకు అదొక చిరాకు. మేడ శ్లాబు పోస్తున్న రోజు పొద్దున్న ఎన్నడూ లేనిది లోపలికి వచ్చి, "అమ్మగారూ, బాల్కనీ చువ్వల మీద అందరూ తొక్కుతూ పోతున్నారు, కిందికి దిగిపోతున్నాయి" అన్నాడు. మిక్సరు రొద, తట్టలు మోసేవాళ్ల కేకలు, నా చేతిలో పాతికమంది టిఫిను లెక్క. "గదిలో కూడా చువ్వలు కిందనే ఉన్నాయిగా తాతా" అన్నాను. పిల్లలకు చెప్పే గొంతుతోనే అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "మీరు చదువుకున్నవాళ్లు" అని వెళ్లిపోయాడు.

గది శ్లాబు రెండు పక్కలా గోడల మీద ఆనుతుంది. బరువు పడితే నడుమ కిందికి కుంగి, అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడికి ఆగుతుంది గాని లాగుడికి ఆగదు, అందుకే చువ్వ అక్కడ అడుగున ఉండాలి. బాల్కనీ అలా కాదు. చెయ్యి చాచి, చేతి చివర నిండు బిందె పెట్టించుకో. నీకు ఎక్కడ లాగుతుంది? భుజం పైన. బాల్కనీకి చువ్వ పైన ఉండాలి, ముప్పావు అంగుళం కాంక్రీటు కింద. కట్టేటప్పుడు మేస్త్రి పైనే కట్టించాడు. కానీ వాటిని ఎత్తి పట్టుకునే చువ్వముక్కలు, మేస్త్రీలు కుర్చీలంటారు, అవి కింద పెట్టకపోవడంతో, రోజంతా తట్టలతో నడిచిన కాళ్లు వాటిని అడుగుకు తొక్కేశాయి.

పద్దెనిమిదో రోజు బాల్కనీ కింద ఆసరాగా నిలబెట్టిన సరుగుడు కర్రలు ఊడదీశారు. చివరి కర్ర తీయగానే గోడ వెంట చీలిక విచ్చుకుంది. చప్పుడు లేదు. మేస్త్రి కేకవేసి మళ్లీ రెండు కర్రలు తన్ని పెట్టించాడు. నేను పైకెక్కి చీలికలో పావలా బిళ్ల నిలువుగా పెట్టాను, సగం దాకా దిగింది. ఆ ముందు రోజే అక్కడ మీ పెదనాన్న, మీ అమ్మ నిలబడి, కింద ఉన్న నన్ను పిలిచి నవ్వారు. మీ అమ్మ అప్పటికి కొత్త పెళ్లికూతురు. కర్రలు అప్పటికింకా తీయకపోవడం వల్ల సరిపోయింది గాని, లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా తలచుకోలేను. మీ అమ్మకు ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

దాన్ని పగలగొట్టడానికి వచ్చిన కూలీల్లో ఆ ముసలాయన కూడా ఉన్నాడు. ఉలితో చువ్వ దాకా తవ్వి, నన్ను పిలిచి కొలబద్ద పెట్టమన్నాడు. పైనుంచి మూడున్నర అంగుళాల లోతు. ఆ రోజే చెప్పానుగా అంటాడని ఎదురుచూశాను. ఆయన, "మంచినీళ్లు ఉన్నాయా అమ్మగారూ?" అన్నాడు. నేను లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తేవడానికి చాలాసేపు పట్టింది.

మళ్లీ కట్టడానికి డబ్బు లేదు, ధైర్యమూ లేదు. తలుపు అప్పటికే బిగించేశాం. అలా మిగిలింది నీ గాలి తలుపు.

అడగడం ఎలాగో అప్పటినుంచి నేర్చుకున్నాను. ఆ రంగుల బొమ్మ ఎవరికీ చూపించకు. అంత ముస్తాబుగా ఉన్నదాన్ని చూసి తప్పు చెప్పాలంటే ఎవరికైనా నోరు రాదు, చెబితే గోడ రంగు గురించి చెబుతారు. పెన్సిలు గీతలు చూపించు, చెరిపిన మరకలు అలాగే ఉండనీ. ఇంకా మేలైనది సుద్దముక్క. 2005లో వంటగది పెద్దది చేసేటప్పుడు నేల మీదే అసలు కొలతలతో గీశాను. గిన్నెలు తోమే ఆవిడను పిలిచి, రోజూ చేసే పని ఇక్కడ చేసినట్టు చూపించమన్నాను. వంగింది, లేచింది, వెనక్కి తిరిగి, "ఈ తలుపు తీస్తే నా వీపుకు తగులుతుందమ్మా" అంది. సుద్దగీత కాలితో తుడిచేసి తలుపు అవతలికి మార్చాను. ఖర్చు ఒక్క సుద్దముక్క. నీకు డాబా అంతా ఖాళీయే కదా, గీసి అందరినీ నడిపించు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయిని మెట్ల గురించి అడుగు. వాడికి తెలిసినంత మనకెవరికీ తెలియదు.

ఎలా ఉంది అని అడగకు. "ఇందులో మూడు తప్పులు చెప్పు" అను. మూడు అడిగితే మర్యాదస్తుడు కూడా ఒకటి చెబుతాడు. మేస్త్రిని నలుగురిలో అడగవద్దు, నీ మాట కాదనడు. అతనొక్కడే టీ తాగుతున్నప్పుడు, "ఇది నీ ఇల్లయితే ఏం మారుస్తావు?" అని అడిగి చూడు. వాళ్లు తప్పులు చెప్పేటప్పుడు ఎవరికీ ఎదురు సమాధానం చెప్పకు. నీకు ఆ జబ్బు ఉంది, చిన్నప్పటినుంచీ ఉంది, నా నుంచే వచ్చింది. నోరు మూసుకుని పుస్తకంలో రాసుకో. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే చోట వేలు పెట్టారంటే అక్కడ నిజంగానే ఏదో ఉంది. వాస్తు చెప్పేవాళ్లు పిలవకుండానే వస్తారు. వాళ్లు చెప్పినదీ రాసుకో, కానీ వేరే పేజీలో. ఇవన్నీ కాంక్రీటు పోయకముందే. పోశాక ఎవరేం చెప్పినా అది ఏడుపు కిందే లెక్క.

నా తప్పులు నేనూ చెప్పాలి కదా. నీ మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు వేశావు, మీ అమ్మ మోకాళ్లకు ఆరున్నర మించకూడదు. పడమటి కిటికీకి సన్‌షేడ్ లేదు, మే నెల బెజవాడ ఎండలో ఆ గదిలో అప్పడాలు కాల్చుకోవచ్చు. స్నానాల గది తలుపు మంచానికి కొట్టుకుంటుంది. బాల్కనీ నాలుగడుగులు ఎందుకే? మూడు చాలదా? అసలు వద్దంటే వినవు, తెలుసు. పోసే రోజు మాత్రం నాకు ముందే చెప్పు. కుర్చీ వేసుకుని ఆ చువ్వల పక్కనే కూర్చుంటాను. వాటి మీద ఒక్క కాలు పడనివ్వను.

ఈ ఆదివారం బస్టాండులో పొద్దున్నే గుంటూరు బస్సెక్కు. పెన్సిలు ప్లాను తీసుకుని రా, అల్లుణ్ణి కూడా తీసుకురా. ఆ తలుపు తాళం ఎక్కడ పెట్టానో వెతుకుతాను. రంపంతో కోసేసిన చువ్వల మొనలు గోడలో ఇప్పటికీ ఉన్నాయి, తుప్పు పట్టి. కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెడితే అందుతాయి. టేపు తెచ్చుకో, ఎంత లోతున ఉన్నాయో నువ్వే కొలుచుకుందువుగాని.

పెద్దమ్మ